ఎడమ పక్కటెముక

ముకర్రం మొదటిసారి మీద పడినప్పుడు డేవిడ్ ముందుపన్ను ఒకటి ఊడి ఆదిలాబాద్ నల్లమట్టిలో కలిసిపోయింది. హెల్మెట్ జాలీ లోపలికి వంగి కింది పెదవిని చీల్చింది. ఆకాశం కనిపించాల్సిన చోట ఎర్రటి మొహం ఒకటి కనిపించింది.

"ఏం తమ్మీ, కరీంనగర్‌ల అన్నం పెడ్తలేరా?" అంది ఆ మొహం.

ముకర్రం తాపీగా లేచాడు. లేచే ముందు డేవిడ్ పొట్టలో మోకాలు దించి, దాని మీద ఒళ్లంతా ఆనించి మరీ లేచాడు. రోజూ జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లను కొక్కెం వేసి లారీకి ఎక్కించే మనిషి. అతనికి డేవిడ్ బరువొక లెక్క కాదు.

వాళ్లు ఆడుతున్నది అమెరికా ఫుట్‌బాల్. పేరుకే ఫుట్, కాళ్లతో పెద్దగా పనిలేదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసురుతారు, పట్టుకున్నవాడు అవతలి గీత దాటేదాకా ఉరుకుతాడు. పట్టేవాణ్ణీ విసిరేవాణ్ణీ పడగొట్టడం ఎదుటి జట్టు పని. ఆ విసిరేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆట అతని చేతిలో మొదలై చాలాసార్లు అతని ఒంటి మీదే ముగుస్తుంది. ఆ ఏడు కరీంనగర్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ డేవిడ్.

అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు. ఆరు నెలల ముందు వరకు బంతి ముట్టుకున్నవాడు కాదు. తండ్రి అహరోను మేస్త్రీ. అహరోను రెండో అంతస్తు పరంజా మీద గోడ కడుతుంటే డేవిడ్ కింద నిలబడి ఇటుకలు విసిరేవాడు. ఇటుక గాలిలో తిరగకుండా వెళ్లి, అహరోను చేయి చాపిన చోట పిచ్చుకలా వాలేది. అహరోను కిందికి చూసేవాడే కాదు. ఒక కాలేజీలో ఆటలు నేర్పే అనసూర్య మేడం ఒకరోజు ఆ దారిన పోతూ స్కూటీ ఆపి చాలాసేపు చూసింది.

"నాకొకటి ఇసురు," అంది.

"చెయ్యి పోతది మేడం."

"పోతే నా చెయ్యే గద."

డేవిడ్ విసిరాడు. ఇటుక ఆమె అరచేతిలో కూర్చుంది. తోలు కాస్త గీరుకుపోయింది తప్ప వేళ్లు కదలలేదు. ఆమె ఇటుకను అటూ ఇటూ తిప్పి చూసి, "సాయంత్రం గ్రౌండ్‌కు రా," అంది.

కానీ ఇటుకలు విసిరేటప్పుడు ఎవడూ వచ్చి గుద్దడు. ఆ మొదటి సీజన్‌లో డేవిడ్ కళ్లు బంతి పట్టేవాళ్ల చేతుల్ని చూడలేదు. మీదికొచ్చే ఛాతీల్ని చూశాయి. ముకర్రం తర్వాత జైనూర్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు అతని వీపును నేలకేసి రుద్దారు. ఇంకొకడు కుప్ప కింద అతని మెడ దొరకబుచ్చుకుని కళ్లు బైర్లు కమ్మేదాకా నొక్కాడు. ఆఖరి మ్యాచ్ వచ్చేసరికి డేవిడ్ ఒక విద్య నేర్చుకున్నాడు. బంతిని ఎటో ఒకవైపు పారేసి, ఎవరూ తాకకముందే పడిపోవడం.

"సీన్మల చచ్చేటోని లెక్క పడుతున్నవ్ రా," అన్నాడు సాద్. గేట్లు తయారుచేసే దుకాణంలో వెల్డర్. మైదానంలో డేవిడ్‌కు ఎడమవైపు గోడలా నిలబడడం అతని పని. "జర ఆగు. ఎవడన్న తాకినంక చావు."

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు.

ఆ వేసవంతా ఆమె అతణ్ని కొట్టించింది. బియ్యం గోదాం వెనక చెట్టుకు సైకిల్ టైరు వేలాడదీసి, అందులోంచి బంతి పంపమంది. అతను చేయెత్తగానే అటునుంచి సాద్, ఇటునుంచి ఇంకొకడు తడిపిన తవుడు సంచులు ఊపి కొట్టాలి. సంచి వైపు చూశాడంటే మళ్లీ మొదటినుంచి. మొదటి వారం డేవిడ్ తిన్నదంతా కక్కుకున్నాడు. ఒళ్లు పచ్చగా, తర్వాత నీలంగా, తర్వాత నల్లగా మారింది. స్నానాల గది తలుపు సందులోంచి ఆ వీపు చూసి తల్లి రిబ్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దెబ్బ తప్పది," అనేది మేడం. "బంతి పోయినంక తాకిందా, పోకముందు తాకిందా, గంతే నీ చేతుల ఉన్నది."

రెండో సీజన్‌లో అతను పడిపోవడం మానేశాడు. మనుషులు మీదికొస్తుంటే నిలబడి, ఆఖరి క్షణం దాకా నిలబడి, విసిరి అప్పుడు దెబ్బ తిన్నాడు. రహీమ్ అనే కుర్రాడు లేడిలా ఉరికేవాడు. అతను వెనక్కి తిరిగి చూసేసరికి బంతి ముందే వచ్చి అతని కోసం ఆగినట్టుండేది. కరీంనగర్ గెలవడం మొదలుపెట్టింది. ఫైనల్ చొప్పదండిలో. ఎదురుగా ఆదిలాబాద్, ముకర్రం.

ముకర్రంతో పెద్ద చిక్కు అతని బలం కాదు. అతను ఎటునుంచి వస్తాడో ఎవరికీ తెలియదు. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి నట్టనడుమనుంచి, ఒకసారి అసలు రాకుండా ఆగిపోయి. అతను నిలబడిన చోటుకీ వచ్చే చోటుకీ సంబంధం ఉండేది కాదు.

ఆ రోజు కూడా సాద్ రెండు మూడుసార్లు అతణ్ని గట్టిగా ఆపాడు. నాలుగోసారి అందరూ కుప్పగా పడ్డప్పుడు, ఆ కుప్ప అడుగున ముకర్రం సాద్ చిటికెన వేలు వెతికి పట్టుకుని వెనక్కి విరిచాడు. పచ్చి కట్టె విరిగిన చప్పుడు డేవిడ్‌కు వినిపించింది. సాద్ అరవలేదు. లేచి, అటుపక్కకు వంగిపోయిన వేలిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

తర్వాత జరిగింది డేవిడ్‌కు సరిగ్గా గుర్తులేదు. తన హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. దాంతో ముకర్రం మొహం మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముక్కు దూలం పక్కకు జరిగింది, కనుబొమ్మ తెగి కన్ను మూసుకుపోయేలా రక్తం కారింది. ముకర్రం చేయి ఎత్తలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, రక్తం నిండిన పళ్లతో నవ్వుతూ నిలబడ్డాడు. రిఫరీ డేవిడ్‌ను మైదానం బయటికి పంపాడు. క్వార్టర్‌బ్యాక్ లేని కరీంనగర్ చిత్తుగా ఓడిపోయింది.

బస్సులో సాద్ కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏలు పాయె, కప్పు పాయె," అన్నాడు. "కొడితే కొట్టినవ్ గని, మ్యాచ్ అయిపోయినంక కొట్టద్దారా?"

డేవిడ్ కిటికీలోంచి బయటికి చూశాడు. ముందు సీటులోంచి మేడం తల తిప్పకుండానే అంది: "వాడు నిన్ను ఆపలేక నీ కోపానికి పని చెప్పిండు."

మూడో సీజన్‌కు డేవిడ్ మారిపోయాడు. భయం పోయింది, కోపమూ పోయింది. మిగిలినవి కళ్లు. బంతి చేతికి రాకముందే ఎదుటివాళ్ల మడమలు చూసేవాడు. ఎవడి బరువు ఏ కాలి మీద ఉందో చూసి, వాడు వదిలిపెట్టబోయే చోటు ఏదో పసిగట్టేవాడు. బంతి అక్కడికి పోయేది. హైదరాబాద్ జట్టు వాళ్లు అతని ఆటను ఫోన్లలో తీసుకుపోయి చూసుకున్నారు. జాతీయ శిబిరానికి ఆటగాళ్లను ఏరేవాళ్లు ఫైనల్‌కు వస్తున్నారని కబురు వచ్చింది. ఈ రాష్ట్రంలో వాళ్లు చూసే మ్యాచ్ అదొక్కటే.

ఫైనల్‌కు ముందు మ్యాచ్ లక్సెట్టిపేటలో. గోదావరి గాలికి దుమ్ము లేస్తుండగా ఒకడు తలవంచి గిత్తలా వచ్చి హెల్మెట్‌తో డేవిడ్ ఎడమ డొక్కలో పొడిచాడు. మ్యాచ్ గెలిచారు. రాత్రికి డేవిడ్ పడుకోలేకపోయాడు. మంచిర్యాలలో ఎక్స్‌రే తీసిన డాక్టర్ తెర మీద రెండు చోట్ల వేలు పెట్టి చూపించాడు.

"రెండు పక్కటెముకలు చిట్లినయ్. ఇదే చోట ఇంకో గట్టి దెబ్బ పడితే కొస ఊపిరితిత్తిల దిగుతది. గ్రౌండ్‌లనే పోతవ్. ఆట బంద్ జెయ్."

బయటికొచ్చాక మేడం, "ఇన్నవ్ గద. అయిపాయె," అంది.

"మేడం, గా సార్లు మల్ల ఎన్నడొస్తరు?"

"రాకపోతే రాకపాయె."

"నేను మల్ల ఇటుకలిసరాల్నా?" అన్నాడు డేవిడ్. గొంతు పెంచలేదు. "మీరే తీస్కవచ్చిన్రు. మీరే పొమ్మంటున్నరు."

ఆమె స్కూటీ తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడింది. చివరికి ఒప్పుకుంది. పట్టీ గట్టిగా కట్టాలి, ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు, నోట్లోంచి రక్తం కనబడిన మరుక్షణం బయటికి. ఆ ముగ్గురూ డేవిడ్, మేడం, సాద్. ఆదిలాబాద్ వాళ్లకు తెలిస్తే ముకర్రం ఇంకెటూ చూడడు.

ఫోన్‌లో రిబ్కమ్మ అడిగింది: "దెబ్బలేం తాకలే గద కొడుకా?"

"తాకలేదవ్వా."

"ప్రార్థన జేస్తున్న."

"చెయ్యవ్వా. గట్టిగ చెయ్."

ఫైనల్ ఆదిలాబాద్‌లో, దసరా మర్నాడు. కరీంనగర్ జట్టుకు చర్చి ఆవరణలో ఒక హాలు ఇచ్చారు. దసరా సాయంత్రం ఊరంతా జమ్మి పూజ నుంచి తిరిగొస్తోంది. ఎదురుపడ్డవాళ్ల చేతిలో జమ్మి ఆకు పెట్టి బంగారం అంటారు, కౌగిలించుకుంటారు. అలాయ్ బలాయ్. ఆ సాయంత్రం మతం అడగరు, పగ అడగరు. చేతిలో జమ్మి పెట్టినవాణ్ని కాదనడం మొహాన ఉమ్మేసినదానికంటే పెద్ద మాట.

ఆదిలాబాద్ జట్టు వాళ్లు కొత్త బట్టలేసుకుని, జమ్మి కొమ్మలు పట్టుకుని హాలుకే వచ్చారు. నవ్వులు, ఎత్తిపొడుపులు. రహీమ్‌ను ఎవరో గాల్లోకి ఎత్తి దించారు. డేవిడ్ గోడకు ఆనుకుని, కౌగిలించుకోకుండా చేతులిచ్చి సరిపెట్టుకుంటున్నాడు. అందరికంటే వెనక ముకర్రం వచ్చాడు. వంకరపోయిన ముక్కు, కనుబొమ్మ మీద తెల్లటి మచ్చ. నేరుగా డేవిడ్ దగ్గరికి వచ్చి అతని అరచేతిలో ఆకు పెట్టాడు.

"నిరుడు నిరుడే పాయె," అన్నాడు. "దా తమ్మీ."

సాద్ హాలు అవతలి కొసనుంచి గబగబా వస్తున్నాడు. కానీ ఆకు చేతిలో ఉంది, అందరూ చూస్తున్నారు. డేవిడ్ చేతులు వాటంతట అవే లేచాయి.

ముకర్రం ఒక్కసారి కౌగిలించుకుని వదల్లేదు. ఈద్‌కు కౌగిలించుకున్నట్టు మూడుసార్లు. మొదట కుడివైపు ఒత్తి పట్టి ఒక క్షణం ఆగాడు. రెండోసారి నడుము చుట్టూ. మూడోసారి ఎడమవైపు, బొటనవేలు పక్కటెముకల సందున పెట్టి. డేవిడ్ అరవలేదు. మొహం కదల్లేదు. ఊపిరి మాత్రం అరక్షణం ఆగింది. బేళ్లెత్తే ఆ చేతులకు ఆ అరక్షణం చాలు.

"ఎడమ దిక్కా," అన్నాడు ముకర్రం అతని చెవిలో, ఎంతో ప్రేమగా. తర్వాత వదిలి సాద్ వైపు తిరిగాడు. "క్యా సాద్ మియా, నువ్వు గూడ దా."

వాళ్లు వెళ్లాక సాద్ కుర్చీ ఒకటి తన్నాడు. "చెయ్యెందుకిచ్చినవ్ రా వానికి?"

"దస్రా నాడు ఎట్ల కాదంట భాయ్?"

సాద్ తన్నిన కుర్చీని తెచ్చి మళ్లీ నిలబెట్టాడు.

మర్నాడు తొలి దెబ్బ మూడో విసురుకే పడింది. డేవిడ్ బంతి వదిలిన వెంటనే ముకర్రం భుజం ఎడమ డొక్కలో దిగింది. పట్టీ కింద ఏదో కిర్రుమంది. నేల మీద పడ్డాక గాలి లోపలికి రాలేదు. చేపలా నోరు తెరిచి మూశాడు. రెండోసారి ముకర్రం మోచేయి వాడాడు. మూడోసారి పడగొట్టాక, లేస్తూ అరచేతిని అక్కడే ఆనించి మొత్తం బరువు వేసి లేచాడు. డేవిడ్ కళ్లముందు తెల్లటి మెరుపు మెరిసింది. లేచి ఉమ్మితే ఎర్రగా పడింది. బూటుతో మట్టి కప్పేశాడు.

గీత దగ్గర మేడం పట్టుకుంది. "నోరు తెరువ్."

"బుగ్గ కొరుక్కున్న మేడం."

ఆమె వేలు పెట్టి లోపలి బుగ్గ చూసింది. నిజంగానే తెగి ఉంది. డేవిడ్ దాన్ని కావాలనే కొరుక్కున్నాడు.

సగం ఆట అయ్యేసరికి ఆదిలాబాద్ ముందంజలో ఉంది. సాద్ పెదవి చిట్లి, కంటి కింద వాచి, నేలమీద కూలబడి నీళ్లు తాగుతున్నాడు. "ఇంక నా తోటి అయితలేదు," అన్నాడు. "పిచ్చి కుక్క లెక్క నా మీదికే వస్తుండు. ఒక్కపారి గూడ అటు పోతలేడు."

డేవిడ్ నీళ్ల సీసా దించాడు. "ఏమంటివి?"

"అటు పోతలేడంటున్న."

"ఒక్కపారి గూడ?"

సాద్ ఆలోచించాడు. "లేదు. పొద్దుగాల నుంచి నా దిక్కే."

మూడేళ్లుగా ఎటునుంచి వస్తాడో తెలియని మనిషి. ఈ రోజు అతనికి ఒకే దారి ఉంది. నిన్న కౌగిలిలో తెలుసుకున్నది అతణ్ని ఆ దారికి కట్టేసింది. డేవిడ్ మెల్లగా ఊపిరి పీల్చాడు, ఎంత వస్తే అంత.

రెండో సగంలో అతను ముకర్రం మడమల్ని చూడడం మానేశాడు. చూడాల్సిన పనిలేదు. ముకర్రం ఎడమకు రాగానే నడుమ పొలంలా ఖాళీ అవుతుంది. బంతి అందులోకి పోయింది. మళ్లీ పోయింది. రహీమ్ గీత దాటాడు. ప్రతిసారీ దెబ్బ పడింది, ప్రతిసారీ బంతి పోయాకే పడింది. ఆదిలాబాద్ కోచ్ గీత మీదికొచ్చి తెలుగూ మరాఠీ కలిపి గొంతు చించుకుంటున్నాడు. "ముకర్రం, నడుమకు రా రే. ఇకడే యే." ముకర్రం వినలేదు. అతని కళ్లు పట్టీ ఉన్న చోటు మీదే ఉన్నాయి.

ఆఖరి విసురు. ఒక్కసారి గీత దాటితే కరీంనగర్ గెలుస్తుంది. గీత చాలా దూరంలో ఉంది. అందరూ తలలు దగ్గర పెట్టి వంగారు. డేవిడ్ మాట్లాడితే ఈల వేసినట్టు గాలి వస్తోంది.

"భాయ్, వాన్ని ఇడిచిపెట్టు."

సాద్ తల ఎత్తాడు. "ఎవన్ని?"

"ముకర్రంను. ఆపకు. నువ్వు నడుమకు ఉరికి, రహీమ్ మీదికి పోయెటోన్ని పడగొట్టు."

"పిచ్చి లేసిందా? వాడు నిన్ను చంపుతడు."

"వాడు నా కాడికి వచ్చెతందుకు ఎంతసేపు పడ్తదో నాకెర్క."

"డాక్టర్ ఏమన్నడు—"

"సాద్ భాయ్." డేవిడ్ అతని జెర్సీ పట్టుకున్నాడు. "మూడేండ్ల నుంచి నన్ను కాపాడినవ్. ఇయ్యాల వద్దు."

బంతి చేతికి వచ్చింది. ఎడమవైపు గోడ తప్పుకుంది. ముకర్రం ఆ ఖాళీని చూసి ఒక క్షణం నమ్మలేనట్టు తడబడి, తర్వాత ఉరికాడు. నేల అదిరింది. డేవిడ్ అటు చూడలేదు. దూరంగా సాద్ ఒకణ్ని నడుం పట్టి ఎత్తి నేలకేసి కొట్టడం చూశాడు. రహీమ్ ఆ సందులోంచి జారిపోవడం చూశాడు. కానీ ఇప్పుడే విసిరితే బంతి ముందు పడుతుంది. ఇంకొక్క అడుగు. ముకర్రం ఊపిరి వినిపిస్తోంది. రహీమ్ ఆ అడుగు వేశాడు. డేవిడ్ ఎడమ భుజం ముందుకు పెట్టి, ఆ పక్కంతా తెరిచి, విసిరాడు.

దెబ్బకు రెండు కాళ్లూ నేల వదిలాయి. ఒంటి లోపల కత్తి మడత విప్పుకున్నట్టు ఏదో దిగింది. వీపు నేలకు తాకింది, మీద ముకర్రం పడ్డాడు. నోట్లోకి వెచ్చటి నురగ వచ్చింది. చెవుల్లో హోరు. అది జనం అరుపో, తన రక్తమో తెలియలేదు. ముకర్రం భుజం అడ్డం ఉంది. ఏమీ కనబడలేదు.

"పట్టిండా?" అన్నాడు డేవిడ్. మాటతోపాటు రక్తం బుడగ పగిలింది.

ముకర్రం ఆ బుడగను చూశాడు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. తల తిప్పి మైదానం అవతలి కొస వైపు చూశాడు. చాలాసేపు చూసినట్టు అనిపించింది.

"చెప్పు. పట్టిండా?"

"పట్టిండు," అన్నాడు ముకర్రం. తర్వాత మోచేతుల మీద లేచి, తన బరువు కొంచెం కూడా డేవిడ్ మీద పడకుండా పక్కకు జరిగాడు. గట్టిగా కేకేశాడు. "స్ట్రెచర్ తెండ్రి. కదపకున్రి వీన్ని. పస్లి బొక్క లోపలికి పోయింది."

ఆస్పత్రిలో ఎడమ డొక్కలోంచి రబ్బరు గొట్టం ఒకటి మంచం కింది సీసాలోకి వేశారు. ఆ పూట అతను బతికి బట్టకడతాడని ఎవరూ మాట ఇవ్వలేదు. రెండు రోజుల తర్వాత సీసాలో ఎరుపు పలచబడింది. ఊపిరితిత్తి మళ్లీ విచ్చుకుంటోందని, వేసవి దాకా బంతి ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. రిబ్కమ్మ మంచం పక్కన కూర్చుని కొడుకుతో మాట్లాడలేదు. అతని చేతిని మాత్రం వదల్లేదు.

నాలుగో రోజు మేడంతో పాటు సాద్ వచ్చాడు. శిబిరం వేసవిలోనే అని, డేవిడ్ కోసం ఒక చోటు ఆపి ఉంచారని మేడం చెప్పింది. చెప్పి కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడింది. సాద్ వాచిన కంటితో పెదవి చప్పరిస్తూ నిలబడ్డాడు.

"ఇంకో మాట ఉన్నది," అన్నాడు. "ముకర్రంను గూడ తీస్కున్నరు. ఇగ వాడు నీ దిక్కే ఆడ్తడట."

డేవిడ్ నవ్వబోయాడు. గొట్టం కదిలి నొప్పితో కళ్లు మూసుకున్నాడు. నొప్పి తగ్గేదాకా ఆగి అన్నాడు:

"అయితే ఎడమ దిక్కు నిలబెట్టుమను."

"మరి నేనెక్కడ నిలబడాలె?" అన్నాడు సాద్.